పెడల్ దిగిందన్నాను

రిటైరైన తర్వాత నాకోసం నేను కొనుక్కున్న మొదటి వస్తువు ఒక పాత కారు. వనపర్తిలో మా ఇంటి దగ్గర షెడ్డు పెట్టుకున్న మద్దిలేటి అనే మెకానిక్‌ను వెంట తీసుకుపోయాను. ముప్పై ఏండ్లవాడు, నెమ్మదస్తుడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తి చూసి, డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఇంజన్ ఆన్ చేయకుండానే బ్రేకు పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కాడు. కాలు దాని మీదనే అదిమిపెట్టి అప్పుడు చాబీ తిప్పాడు. ఇంజన్ లేచింది. "చూడండ్రి మేడం, పెడల్ దిగింది. బూస్టర్ మంచిగున్నది" అన్నాడు. నేను తెరిచి ఉన్న డోరు పట్టుకుని నిలబడిపోయాను. ఆ పరీక్ష చూసి ముప్పై ఏండ్లు దాటింది.

"ఇట్ల చూసుడు నీకు ఎవరు నేర్పిన్రు మద్దిలేటీ?" అని అడిగాను.

"మా రాజోలిల ఒక తాత ఉన్నడు మేడం. సామేలు తాత. పూనాల చాన ఏండ్లుండి వచ్చిండు. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్తడు. గని బ్రేకుల పని మాత్రం ముట్టడు. పక్కన కూసొని గిట్ల చెయ్యి గట్ల చెయ్యి అని చెప్తడు, ఎంత బతిమాలినా తన చెయ్యి పెట్టడు. ఎందుకో తెల్వదు."

ఎందుకో నాకు తెలుసు. దాని వెనక అసలు జరిగిందేమిటో మాత్రం ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

మాది గోపాల్‌పేట. నాయినకు ఉన్న చేనులో పల్లీ, జొన్న పండేవి. బోరు ఎండిపోయిన ఏడు చేను కౌలుకిచ్చి, పట్నం నుంచి ఒక తెల్ల కారు తెచ్చి కిరాయికి తిప్పడం మొదలుపెట్టాడు. పెండ్లికూతుళ్లు, కాన్పు నొప్పులు పడేవాళ్లు, దవాఖాన నుంచి ఇంటికొచ్చే ముసలివాళ్లు, అందరూ ఆ కారులోనే. పొద్దున డోరు తెరిస్తే ముందటి రోజు ఎవరెక్కారో వాసన చెప్పేది. ఒకనాడు వాడిన మల్లెలు, ఒకనాడు డెట్టాలు, ఒకనాడు పసిపిల్ల కక్కిన పాలు. వాటన్నిటి కింద పెట్రోలు, ఎండకు కాగిన రెగ్జిన్ వాసన. నాయిన వాళ్లమ్మను మేము జేజి అనేవాళ్లం. ఆమె అందరికంటే ముందు లేచి వాకిట్లో కలాపి చల్లేది, కారు నిలబడే జాగా మాత్రం వదిలిపెట్టేది. టైర్లకు పేడ అంటితే నాయిన ఊరుకునేవాడు కాదు. అమ్మ జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు, వేయించిన పల్లీల వాసన, జేజి దగ్గు, వీటి మధ్య నాయిన అమ్మ పాత చీర ముక్కతో బండి తుడిచేవాడు. అద్దాలు ఇంకొకరు తుడిస్తే నచ్చేది కాదు. తుడవడం అయ్యాక స్నానానికి పోయేవాడు. స్నానం చేయకుండా స్టీరింగ్ ముట్టేవాడు కాదు. ఆ స్నానమయ్యేలోపల ఇంజన్ వేడెక్కాలి. ఆ పని నాది. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉన్నాను. వాకిట్లో కూర్చుని చాబీ తిప్పడం, కళ్లంలో అటూ ఇటూ నడపడం నాయినే నేర్పాడు. "ఆడపిల్లకు గదెందుకురా" అని జేజి అంటే, "నేర్చుకుంటే చేదా?" అని నవ్వేవాడు. మా ఊళ్లో చాబీ చేతిలో పట్టుకున్న మొదటి ఆడపిల్లను నేనేనని లోపల్లోపల ఎంత గర్వపడేదాన్నో.

సామేలు కాక షెడ్డు ఊరి బయట, వనపర్తికి పోయే రోడ్డు మీద ఉండేది. ఆయన తాతలు, తండ్రి మా తాతల చేలల్లో కూలికి వచ్చినవాళ్లే. చర్చికి పోయే కుటుంబం. చిన్నప్పుడే, కూలీలను దూరదేశం పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట తల్లిదండ్రులతో పూనా పోయి, ఇటుకలు మోసి, కట్టే బిల్డింగు ఎదురుగా ఉన్న గ్యారేజీలో పని నేర్చుకుని, పెండ్లయ్యాక మరియమ్మను తీసుకుని ఊరికి తిరిగొచ్చాడు. కూలికి పోయినవాడు పనితనంతో తిరిగిరావడం మా దిక్కు అప్పట్లో అరుదు. మొదట్లో ఎవరూ బండి ఇవ్వలేదు. నాయిన ఇచ్చాడు. ఇద్దరికీ దోస్తీ కుదిరింది. షెడ్డులో ఒకే రాయి మీద కూర్చుని చాయ్ తాగేవాళ్లు. మా ఇంటికొస్తే మాత్రం జేజి ఆయనకు నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేది. ఆయన వంగి తాగేవాడు. నాయిన ఆ సమయంలో ఏదో పని ఉన్నట్టు కారు దిక్కు పోయేవాడు. నేను చూస్తూ ఉండేదాన్ని. అప్పుడది నాకు వింతగా అనిపించలేదు, అదే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

ఆ ఎండాకాలం బ్రేకులు జారుతున్నాయని నాయిన బండి ఇస్తే, సామేలు కాక బ్రేకులకు నూనె తోసే మాస్టర్ సిలిండర్ విప్పి లోపలి రబ్బర్లు కొత్తవి వేశాడు. ఇంజన్ పనైతే బీడీ కాలుస్తూ చేసేవాడు, బ్రేకుల పనికి మాత్రం చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన గుడ్డ పరుచుకుని కూర్చునేవాడు. పని అయ్యాక నన్ను దగ్గరికి పిలిచి, బానెట్ కింద మూకుడంత నల్లటి డబ్బా ఒకటి చూపించాడు.

"దీన్ని బూస్టర్ అంటరు బిడ్డా. ఇంజన్ గాలిని గుంజుతది గద, ఆ గుంజుడు ఈ పైపుల నుంచి ఈ డబ్బకు వస్తది. మీ నాయిన కాలుకు ఇది తోడు. ఇది పని చెయ్యకుంటే బ్రేకు పడదని కాదు, పడ్తది. గని పెడల్ రాయి లెక్కైతది. బండి ఆగాల్సిన కాడ ఆగది, ముందుకు పోయి ఆగుతది."

పైపును వేళ్లతో వంచి చూపించాడు. రబ్బరు మీద సన్నటి పగుళ్లు. కర్నూలు నుంచి కొత్తది తెప్పిస్తానని, నాలుగు రోజులు బండి షెడ్డులోనే ఉంచమని అన్నాడు. పెండ్లిళ్ల రోజులు, నాయిన ఒప్పుకోలేదు. "అయితే అన్నా, రోజు పొద్దున చూసుకోని తియ్యి" అని, పరీక్ష ఎట్ల చేయాలో నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. బండి బంద్ ఉన్నప్పుడు పెడల్ నాలుగైదు సార్లు తొక్కాలి. అది గట్టిపడుతుంది. కాలు తీయకుండా చాబీ తిప్పాలి. ఇంజన్ లేవగానే పెడల్ కాలి కింద కొంచెం లోపలికి దిగాలి.

"దిగితే మంచిగున్నట్టు. దిగకుంటే చాబీ తీసి మీ నాయిన చేతుల పెట్టు. బండి కదలొద్దు. సమజైందా?"

సమజైంది. మూడు పొద్దులు దిగింది. బతికున్న జీవం మీద కాలు పెట్టినట్టు, మెల్లగా ఒదిగేది. నేను కేకేసి చెప్పేదాన్ని, "దిగింది నాయినా!" అని. స్నానాల గదిలోంచి "ఆ" అని వినపడేది.

నాలుగో పొద్దు నాగర్‌కర్నూలులో నా టీచర్ ట్రైనింగ్ ఎంట్రన్స్. అది తప్పితే ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోవాలి, కూర్చుంటే పెండ్లి చేసేస్తారు. తిమ్మాజిపేట నుంచి ఒక సంబంధం వచ్చి ఉన్నది కూడా. పొద్దున బస్సు అప్పటికే పోయింది, కారు ఉంది కదా అని ఎవరమూ దాని గురించి ఆలోచించలేదు. అమ్మ కూడా వస్తానన్నది, నాగర్‌కర్నూలులో చిన్నమ్మను చూసి చాలా రోజులైందని. నేను సీట్లో కూర్చుని పెడల్ తొక్కాను. గట్టిపడింది. అదిమిపట్టి చాబీ తిప్పాను. ఇంజన్ లేచింది. పెడల్ కదల్లేదు. బంద్ చేసి మళ్లీ తొక్కి, మళ్లీ తిప్పాను. కదల్లేదు. బానెట్ కింద ఎక్కడో సన్నగా ఉస్సుమని గాలి పోతున్న చప్పుడు. మూడోసారి చేయబోతుంటే నాయిన తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం బిడ్డా, దిగిందా?"

"దిగింది నాయినా."

అంత సులువుగా వచ్చింది నోట్లోంచి. తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా ఆ రెండు మాటల ముందు నేను తటపటాయించిన జ్ఞాపకం లేదు. బ్రేకు పడుతుందని సామేలు కాకే కదా చెప్పింది అనుకున్నాను. ఈ ఒక్కపూటే కదా అనుకున్నాను. నాయిన మంచి డ్రైవర్ అనుకున్నాను. హాల్‌టికెట్ ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చున్నాను.

ఊరి బయట మొదటి మలుపు దగ్గర నాయిన అన్నాడు, "పెడల్ జర గట్టిగ కొడుతున్నదేంది?"

అప్పుడైనా చెప్పవచ్చు. "కొత్త రబ్బర్లు గద నాయినా, అందుకే ఉంటది" అన్నాను. నా తెలివికి ఆయన తల ఊపాడు. కూతురికి బండి గురించి ఇంత తెలుసునని అమ్మ దిక్కు అద్దంలో చూసి నవ్వాడు కూడా.

నాగర్‌కర్నూలు ఇంకా కొంత దూరం ఉందనగా వాగు మీది కల్వర్టుకు దిగే వాలు ఒకటి ఉండేది. కింద గొర్ల మంద రోడ్డు నిండా అడ్డం నడుస్తున్నది. నాయిన బ్రేకు తొక్కాడు. బండి వేగం తగ్గింది కానీ ఆగలేదు. ఆయన రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని సీట్లోంచి లేచినంత పనిచేసి తొక్కడం నాకు వెనక నుంచి కనిపించింది. మందలో ముసలి గొర్లకాపరి చేతులెత్తి అరుస్తున్నాడు. నాయిన బండిని పక్కకు కోసి కల్వర్టు గోడకు కొట్టాడు. ఆ మనిషికి ఏమీ కాలేదు, గొర్లకు ఏమీ కాలేదు. అమ్మ మణికట్టు విరిగింది. నాకు నుదురు పగిలింది. నాయిన కుడి మోకాలు ఇంజన్‌కూ సీటుకూ మధ్య నలిగిపోయింది. ఆయనను బయటికి లాగుతున్నప్పుడు అరిచిన అరుపు, గొర్ల అరుపులు కలిసిపోయి, కొన్ని క్షణాలు ఏది ఏదో తెలియలేదు.

సామేలు కాక ఆ మధ్యాహ్నమే దవాఖానకు వచ్చాడు. తొవ్వలో దిగి బండిని చూసి వచ్చాడట. ముందు భాగమంతా నుజ్జయింది, పైపులన్నీ తెగి ఉన్నాయి, ఏది ముందు తెగిందో ఏది గుద్దాక తెగిందో చెప్పనీకి లేదు అన్నాడు. మంచం పక్కన నిలబడి, చేతులు కట్టుకుని అడిగాడు.

"అన్నా, పెడల్ లోపలికి పోయెనా, గట్టిగుండెనా?"

"గట్టిగుండె. రాయి లెక్క. నువ్వు రబ్బర్లు ఏసినంకనే గిట్లైంది సామేలూ. ఏం ఏసినవు రా అందుల?" నాయిన నొప్పితో పళ్లు కొరుకుతూ అన్నాడు.

సామేలు కాక ముఖం ఒక్కసారి వెలిగినట్టయింది. గట్టిగుంటే అది బూస్టర్ అయి ఉండాలని ఆయనకు తోచింది. నా దిక్కు తిరిగాడు.

"బిడ్డా, పొద్దున చూసినవు గద? పెడల్ దిగెనా?"

నాయిన నన్ను చూస్తున్నాడు. చేతికి కట్టుతో అమ్మ నన్ను చూస్తున్నది. నేను దిగలేదంటే, నాయిన కాలు, అమ్మ చెయ్యి, అన్నీ నావల్లనే. నా నుదుటి మీది కుట్లు సలుపుతున్నాయి.

"దిగింది కాకా."

"ఖాయమా బిడ్డా? మంచిగ యాది చేస్కో."

"దిగింది."

ఆయన గోడకు ఆనుకుని అట్లనే కింద కూర్చున్నాడు. కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు, "అయితే బూస్టర్ కాదు. రబ్బరు ఇరుక్కొని ఉంటది. నా చేతి పనే." ఒక మనిషి తన నేరాన్ని తాను రుజువు చేసుకోవడం అప్పుడు చూశాను. నా మాటను ఆయన ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. తన చేతినే అనుమానించాడు.

నాయిన మోకాలు అతకలేదు సరిగా. ఆ తర్వాత ఎన్నడూ బండి నడపలేదు. వాకిట్లో కారు నిలబడే జాగాలో మంచం వేసుకుని కూర్చునేవాడు, వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, సామేలు చేసిన బ్రేకు వల్ల ఇట్లయిందని. జేజి ఇంకో మాట కలిపేది, "వాళ్ల చేతికి బండి ఇస్తే గంతే అయితది" అని. వంటింట్లో రొట్టెలు కొడుతూ నేను వినేదాన్ని. అమ్మ చెయ్యి బాగవలేదు కనుక రొట్టెలు నేనే కొట్టేదాన్ని. ఆ మాట ఊళ్లో తేలిగ్గా నిలబడింది. వేరే మెకానిక్ అయితే ఒక తప్పు అనేవాళ్లు, ఆయన కాబట్టి పుట్టుకే తప్పు అన్నారు. షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. వచ్చిన ఒకటి రెండింటికి కూడా, "బ్రేకుల పని నేను చెయ్య, వనపర్తికి తీసుకపోన్రి" అని ఆయనే తిప్పి పంపేవాడని విన్నాను. బ్రేకు చేయని మెకానిక్ దగ్గరికి ఎవరు పోతారు?

వానలు పడే ముందు ఒకరోజు వనపర్తి బస్టాండులో వాళ్లిద్దరూ కనిపించారు. మరియమ్మ తల మీద మూట, చేతిలో ఒక గిన్నెల సంచి. పూనా పోయే గుంపుతో కలిసి ఎదురుచూస్తున్నారు. రెంచీలు పెట్టుకునే ఆయన పానాల పెట్టె కనపడలేదు. నన్ను చూసి ఆయనే దగ్గరికి వచ్చాడు.

"నాయిన నడుస్తుండా బిడ్డా?"

"కట్టె పట్టుకొని నడుస్తుండు కాకా. మీరు యాడికి?"

"పూనా. బిల్డింగ్ పని దొరుకుతదంట ఇద్దరికి."

"మెకానిక్ పనికి పోవా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇటుకలు మోస్తే ఎవరికి ఏం కాదు గద" అన్నాడు.

బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. నాకు నోరుంది. పక్కన నాయిన లేడు, అమ్మ లేదు. చెప్పాలనే అనుకున్నాను. చెప్తే ఆయన ఊరికి తిరిగొచ్చి నాయిన ముందర నిలబడతాడు, అప్పుడు నేనేమవుతాను అనిపించింది. మరుసటి ఏడు మళ్లీ ఎంట్రన్స్ రాసే ఆశ ఉండె నాకు. ఆయన బస్సెక్కాడు. నేను చేయి ఊపాను.

రాశాను, సీటొచ్చింది, టీచరునయ్యాను. నాగర్‌కర్నూలు, గద్వాల, వనపర్తి పల్లెల్లో ముప్పై ఏండ్లు పిల్లలకు చదువు చెప్పాను. అబద్ధమాడిన పిల్లల చెవి మెలిపెట్టాను. ఇప్పుడు నేను కొన్న కారులో ఏదైనా చెడితే ముందట ఎర్ర దీపం వెలుగుతుందట. ఎవరినీ అడగాల్సిన పని లేదు, ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు. అప్పట్లో ఒక బండి భద్రం, ఒక మనిషి పేరు, పందొమ్మిదేండ్ల పిల్ల నోటి మాట మీద ఆధారపడి ఉండేవి. నమ్మేవాళ్లు. ఆ నమ్మకం మంచిదా, ఈ దీపం మంచిదా అని మునుపు ఎవరైనా అడిగి ఉంటే పాతకాలమే మంచిదని పాఠం చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పలేను. ఆ దీపమే అప్పుడుండి ఉంటే నాకు అబద్ధమాడే వీలుండేది కాదు.

మద్దిలేటిని వెంటబెట్టుకుని వారం తిరక్కుండా రాజోలి పోయాను. రాజోలి మరియమ్మ పుట్టినూరు. తుంగభద్ర గట్టుకు దగ్గరగా చిన్న రేకుల ఇల్లు, పక్క ఇంట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు. సామేలు కాక గడప ముందు కుర్చీలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు, చూపు మందగించింది. గోపాల్‌పేట అని చెప్పగానే గుర్తుపట్టాడు. మరియమ్మ చాయ్ పెట్టింది. నాయిన పోయి ఆరేండ్లయిందని చెబితే కండ్లు తుడుచుకున్నాడు. "మొదాలు నాకు బండి ఇచ్చింది అన్ననే" అన్నాడు. నేను ఇంకా ఆలస్యం చేస్తే మళ్లీ చెప్పకుండానే లేచిపోతానని తెలుసు.

"కాకా, ఆ పొద్దున పెడల్ దిగలే."

"ఏంది బిడ్డా?"

"దిగలే. రెండుసార్లు చూసిన. గాలి పోతున్న చప్పుడు కూడ విన్న. పరీక్షకు పోవాల్నని అబద్ధం చెప్పిన. దవాఖానల కూడ అబద్ధమే చెప్పిన. నీ పనిల తప్పు లేదు."

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన ముఖంలో మెల్లగా ఏదో విచ్చుకున్నది. "బూస్టరేనా?" అన్నాడు. "పైపేనా? రబ్బరు ఇరుక్కోలేదా?" నేను పైపేనని చెబుతున్నా మళ్లీ మళ్లీ అదే అడిగాడు. తర్వాత ఇంట్లోకి తిరిగి కేకేశాడు. "మరియమ్మా! ఇంటున్నవా? నా చేతి తప్పు కాదంట! బూస్టర్ పైపంట! నేను ఏసిన రబ్బరు మంచిగనే ఉండెనంట!" చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు. మద్దిలేటి చేయి పట్టుకుని, "నేను చెప్పలే? గట్టిగుంటే బూస్టరే అయితదని చెప్పలే?" అంటున్నాడు. ఆ సంతోషం చూడలేక నేను నేల చూస్తూ కూర్చున్నాను.

మరియమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె నవ్వలేదు. "ఇన్నేండ్లు నిద్రల లేచి కూసుంటుండె అమ్మా. మీ అమ్మ చెయ్యి, మీ నాయిన కాలు యాదికొస్తున్నయని. పూనాల మంచి గ్యారేజోళ్లు పిలిస్తే పోలే. నా నెత్తి మీద ఇటుకలు దిగలే. గిప్పుడొచ్చి చెప్తున్నవా?" అన్నది. గొంతు పెంచలేదు. క్షమించమనే మాట చాలా చిన్నదిగా అనిపించింది.

"ఊకో, చిన్నపిల్ల గప్పుడు" అన్నాడు సామేలు కాక. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు నా దిక్కు వంగాడు.

"అన్నకు చెప్పినవా బిడ్డా? పొయ్యే ముందరన్న?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. పక్కింట్లో మగ్గం ఆడుతూనే ఉంది.

"అయితే అన్న నన్ను తిట్టుకుంటనే పోయిండు" అన్నాడు.

ముఖం రోడ్డు దిక్కు తిప్పుకున్నాడు. మద్దిలేటి లేచి బండి తిప్పి పెట్టాడు. "పోయొస్త కాకా" అన్నాను. ఆయన ఇటు తిరగలేదు. మళ్లీ అన్నాను. చివరికి మరియమ్మే నేను ముట్టని చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుని, "పో అమ్మా, పొద్దు పోతుంది" అన్నది.